వకుళ ఎంచుకున్న ఇల్లు

"మీ ఇంట్లో ముందు ఎవరు తింటారు?"

వకుళ చెంగల్రాయుడిని అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. ప్రేమకథలు రకరకాలుగా మొదలవుతాయి గానీ, సంగటి ముద్ద ముందర కూర్చున్నవాడిని ఇట్లా నిలదీయడంతో మొదలైంది నాకు తెలిసి ఇదొక్కటే.

ఎనభై మూడో సంవత్సరం, మామిడికాయ దిగే రోజులు. రాయుడు అప్పుడే తోటలోంచి వచ్చాడు. పొద్దున్నుంచి కాయలు లారీకెత్తించి, బంగారుపాళ్యం పల్ప్ ఫ్యాక్టరీకి పంపించి, ఎగ్గట్టిన లుంగీ దించకుండానే తిండికి కూర్చున్నాడు. చేతుల నిండా సొన మరకలు. ఎదురుగా వసారాలో మంచం మీద ఎవరో అమ్మాయి, ఆమె పక్కన హైస్కూలు మాస్టారు జయరావు. మాస్టారు ఆ యేడే ట్రాన్స్‌ఫరై వచ్చిన మనిషి.

"ఆకలైనోడు తింటాడు," అన్నాడు రాయుడు.

"ఎప్పుడూ మీకే ముందు ఆకలవుతుందా?"

"ఏం, కాకూడదా?"

"కాకూడదని కాదు. మీ అమ్మగారికి ఎప్పుడవుతుందో తెలుసుకుందామని."

చిత్తూరు కాలేజీలో బీకాం పాసైనవాడు, మాటకు మాట అప్పజెప్పడంలో బస్టాండు దాకా పేరున్నవాడు, ఆ పూట నోట్లో ముద్ద మింగలేక కక్కలేక కూర్చుండిపోయాడు. అమ్మాయి మాత్రం ఏమీ జరగనట్టు ఏదో రాసుకుంది. వంచిన తల, చెవి వెనక్కి పోనని మొరాయిస్తున్న ఒక వెంట్రుకల పాయ. రాయుడు ఆ పాయ వైపే చూశాడు. అదీ చూడవలసిన దానికంటే రవంత ఎక్కువసేపే.

తల్లి దేవకమ్మ వాణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"రేయ్, పొయ్యి షర్టు ఏసుకో. పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు సూసేదానికి వచ్చినారు."

"పిల్లే వచ్చిందే!"

"యూనివర్సిటీ పిల్లరా. తిరుపతి. ఈ కాలం పిల్లలు ఎవురి కండ్లూ నమ్మరు, వాళ్ళే వచ్చి సూసుకుంటారు. మేనమామ మాస్టారు తోడు రానే వచ్చినాడు కదా. మనోళ్ళేనంట కూడా, అడిగినా."

"పెండ్లికని వాళ్ళు చెప్పినారా?"

"ఎవురైనా చెప్తారా? నేను అడిగినా, మా ఇల్లే ఎందుకు పాపా అని. ఏమనిందో తెలుసునా? చుట్టుపక్కల పల్లెలన్నీ విచారించి, అన్ని ఇండ్లలో మీ ఇల్లే ఎంచుకున్నానమ్మా అనింది! ఇంకేం చెప్పాలప్పా?"

నిజానికి దేవకమ్మను తప్పు పట్టడానికి లేదు. ఆ పక్క పిల్లనిచ్చే ముందు ఇల్లు చూడడం ఒక పెద్ద తతంగం. ముందు బావి, తర్వాత పశువులు, ఆ తర్వాతే పిల్లవాడు. ఎకరాలెన్ని, మోటారు ఎన్ని గంటలు నీళ్ళు తోలుతుంది, ఇంట్లో పెత్తనం ఎవరిది, కోడలు వస్తే ఏ గదిలో ఉంటుంది, అన్నీ అడుగుతారు. వకుళ కూడా సరిగ్గా అవే అడిగింది. అంతకంటే ఎక్కువే అడిగింది.

చిక్కంతా బావి దగ్గరే. దేవకమ్మా వాళ్ళ బావి ఎండిపోయి ఏళ్ళవుతోంది. రాయుడికి అంతకు ముందు వచ్చిన రెండు సంబంధాలూ బావి గట్టు మీద నిలబడి, లోపలికి ఒక రాయి విసిరి, టప్పుమన్న చప్పుడు విని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాయి. అందుకే ఈసారి రాయుడి తండ్రి గురప్ప ముందే జాగ్రత్తపడ్డాడు. బావి మీద కొబ్బరి మట్టలు పరిచి, "మోటారు రిపేరులో ఉండాదమ్మా, పిల్లా జెల్లా పడతారని మూసినాము. నీళ్ళకేం, గట్టు దాకా ఉండాయి," అన్నాడు మీసం దువ్వుతూ.

ఊళ్ళోవాళ్ళను అడిగితే వాళ్ళూ అదే చెప్పారు. నూరు అబద్ధాలాడైనా ఒక పెండ్లి చెయ్యమన్నారు పెద్దలు. సంబంధం చెడగొట్టిన పాపం మనకెందుకని ఊరు ఊరంతా ఆ ఎండిన బావిని నోటితోనే నింపేసింది.

వకుళ వారం వారం వచ్చింది. మేనమామ ఇంట్లో దిగడం, పొద్దున్నే పల్లెకు రావడం, సాయంత్రం దాకా ఉండడం. అడగడం ఒక్కటే కాదు, దేవకమ్మతో పాటు కళ్ళం ఊడ్చింది, గడ్డి మోసింది, గురప్ప వెనకాలే తోటంతా తిరిగింది. ఇంత కష్టపడి ఇల్లు చూసే పెళ్ళికూతురిని దేవకమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పిల్ల మంచి పనిమంతురాలని మురిసిపోయింది.

"నిన్న మా నాయన్ని అడిగిందే నన్నూ అడుగుతాండారు," అన్నాడు రాయుడు ఒకరోజు తోటలో.

"అవును. రేపు మీ అమ్మగారినీ అడుగుతాను."

"మా మీద అంత నమ్మకం లేదా?"

"ఒకే సంగతి ముగ్గురు మూడు రకాలుగా చెప్తారు. ఆ ముగ్గురి మధ్యలో ఎక్కడో ఉంటుంది నిజం."

"ముగ్గురూ ఒకటే చెప్తే?"

వకుళ వాడి వైపు తిరిగి చూసింది. "మీ ఇంట్లో బావి గురించి ముగ్గురూ ఒకటే చెప్పారు. మాట కూడా తేడా లేకుండా. అదే నాకు అనుమానం."

రాయుడు పక్క కొమ్మకున్న ఆకు తుంచి నలపసాగాడు. అంతలో దేవుడు కరుణించినట్టు వాన దిగింది. ఇద్దరూ పరుగెత్తి చెట్టు కింద చేరారు. ఆకులు ఎంత దట్టంగా ఉన్నా వాన సందు చూసుకుని వస్తూనే ఉంది. రాయుడు ఒక గోనెసంచి మూల లోపలికి మడిచి, టోపీలాగా చేసి ఆమె తలకు తగిలించాడు. తిరుపతి యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలరు గోనెసంచిలోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి చూసేసరికి వాడికి నవ్వాగలేదు.

"నవ్వకండి. నవ్వినట్టు రాసుకుంటాను."

"రాసుకోండి. ఎందుకు నవ్వినానో కూడా రాసుకోండి."

"ఎందుకు నవ్వారు?"

"బాగుండారని."

వకుళ ఏమీ రాసుకోలేదు. వాన తగ్గేదాకా ఇద్దరూ ఎదురెదురు చెట్లను చూస్తూ నిలబడ్డారు. ఆ తోటలో చూడ్డానికి అంత విశేషమేమీ లేకపోయినా, చాలా శ్రద్ధగా చూశారు.

శ్రావణంలో ఒకరోజు రాయుడు నీలం రకం మామిడికాయల బుట్ట నెత్తినెత్తుకుని తిరుపతి బస్సెక్కాడు. కాబోయే వియ్యాలవాళ్ళకు ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే ఎట్లాగని దేవకమ్మే పంపింది. ఇల్లు తెలియక యూనివర్సిటీకే వెళ్తే, ప్యూను బుట్ట వాసన చూసి, "వకుళ మేడమా? సెమినార్ జరుగుతాండాదన్నా, వెనకాల కూర్చో," అని తలుపు తీశాడు.

వకుళ బ్లాక్‌బోర్డు ముందు నిలబడి ఉంది. ఒక కళ్ళజోడు లెక్చరరు ఆమెను వాయిస్తున్నాడు.

"ఒక్క ఇల్లు పట్టుకుని ఏం చెప్తావమ్మా? మా స్టూడెంట్స్ నాలుగు వందల ఇళ్ళు తిరిగి ఫారాలు నింపుకొచ్చారు. నీది పరిశోధనా, చుట్టపుచూపా?"

అందరూ నవ్వారు. రాయుడికి ఆ కళ్ళజోడు లాగి కిటికీలోంచి విసరాలనిపించింది. వకుళ మాత్రం నవ్వు అయిపోయేదాకా ఆగింది.

"ఫారాలు తప్పని నేననడం లేదు సార్. చెరుకు మానేసి మామిడి వేసినవాళ్ళు ఎంతమంది అని మీ ఫారం చెప్తుంది. ఎట్లా మానేశారు, ఎందుకు మానేశారు అని నేను అడుగుతున్నాను. దానికి ఒక ఇంట్లో కూర్చోవాలి. అడగాలి, చూడాలి, వాళ్ళు చెప్పిందీ చేసిందీ కాగితాల్లో ఉన్నదీ పక్కపక్కన పెట్టుకోవాలి. కలిసింది రాయాలి, కలవనిది కలవలేదని రాయాలి. కేస్ స్టడీ అంటే అదే."

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటావు!"

"అనను సార్. ఇల్లు మెతుకు కాదు. ఈ ఒక్క ఇంటిని చూసి జిల్లా అంతా ఇట్లాగే ఉందని ఒక్క వాక్యం కూడా రాయను. కానీ ఈ ఇంట్లో అసలు కారణం దొరికితే, మీ ఫారంలో ఇప్పటిదాకా లేని ప్రశ్న ఒకటి దొరుకుతుంది. ఆ ప్రశ్న పట్టుకుని మీరు మళ్ళీ నాలుగు వందల ఇళ్ళకు వెళ్ళొచ్చు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఖరి బెంచీలో ఒక మనిషి మాత్రం ఒళ్ళో బుట్టను మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. నాలుగు కాయలు కిందపడి దొర్లాయి. వకుళ చూసింది. ముఖం ఎర్రబడింది గానీ మాట తడబడలేదు.

ముందు వరసలో కూర్చున్న ఆమె గైడ్ తిరుమలయ్యగారు అప్పుడు మెల్లగా అడిగారు. "బాగుందమ్మా. ఇంతకీ కారణం దొరికిందా?"

"లేదు సార్. ఒకటి కలవడం లేదు. ఆ ఇంట్లో బావి నిండా నీళ్ళున్నాయంటున్నారు. నీళ్ళుండగా చెరుకు ఎందుకు మానేస్తారు?"

"ఊళ్ళు తిరిగి ఇల్లు వెతకడంతో కలిపి ఏడాది అయిపోతోంది. నెలాఖరుకు అది తేలకపోతే ఆ ఇల్లు వదిలేయి. ఇంకో ఊరు, ఇంకో ఇల్లు, మొదటి నుంచి మొదలుపెట్టు. ఆ కారణం తప్ప నీ థీసిస్‌కు వేరే ఆధారం లేదు."

రాయుడికి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. పెళ్ళిచూపులు లేవు, సంబంధం లేదు. ఆ పిల్ల నిజంగానే చదువుకోవడానికి వచ్చింది. తమ ఇల్లు నిలబెట్టుకోవడానికి చెప్పిన అబద్ధం ఆమె ఏడాది కష్టాన్ని కూలదోస్తోంది. నోరు మూసుకుంటే ఆమె వెళ్ళిపోతుంది. నోరు విప్పితే ఇంటి పరువు పోతుంది, తనూ నవ్వులపాలవుతాడు, ఆ తర్వాత ఆమె ముఖం ఎట్లా చూడాలి? కానీ అంతమంది ముందు ఒంటరిగా నిలబడి అంత నిజంగా మాట్లాడిన మనిషికి అబద్ధం ఆసరాగా ఇవ్వడం వాడికి చేతకాలేదు. ఆమె అంటే అప్పటిదాకా ఉన్నది ఇష్టం. ఆ గదిలో దానికి గౌరవం తోడైంది.

వరండాలో ఆమె బయటికి రాగానే బుట్ట కిందపెట్టి చెప్పేశాడు.

"బాయిలో నీళ్ళు లేవండీ. ఎండిపోయి ఏడేండ్లు. మేమూ, ఊరూ, అందరమూ అబద్ధం చెప్పినాము."

వకుళ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎందుకు? నేను పన్నులవాళ్ళ మనిషినా, బ్యాంకువాళ్ళ మనిషినా?"

"మీరు... మీరు పెండ్లికి ఇల్లు సూసేదానికి వచ్చినారనుకున్నాము."

వకుళ ముందు తెల్లబోయింది. తర్వాత నవ్వింది. గోడకు ఆనుకుని, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మీరు కూడా అట్లే అనుకున్నారా?"

"అమ్మకంటే ఎక్కువ నేనే అనుకున్నా," అన్నాడు రాయుడు. "నవ్వండి. నవ్వితే పోనీ. నెలాఖరు లోపల మీరు రాసుకోవాల కదా, అందుకని చెప్పినా. ఇంక మా ఇంటికి రారని తెలుసు."

ఆ మాటతో వకుళ నవ్వు ఆగిపోయింది. వాడు చెప్పింది చిన్న సంగతి కాదని ఆమెకు తెలిసింది. పరువు కోసం ఊరే దాచిన మాటను, తను నష్టపోతానని తెలిసి, పాతిక కోసుల దూరం వచ్చిన మనిషి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాడినే చూస్తూ నిలబడింది. అంతలోనే ఆమెలోని చదువు నిద్రలేచింది.

"బావి లేకపోతే పిల్లనివ్వరా?"

"ఇయ్యరు. నాకు రెండు సంబంధాలు బాయి గట్టు మీదనే తిరుక్కున్నాయి."

"మామిడి ఎప్పుడు పెట్టారు?"

"రెండో సంబంధం పోయినాక వచ్చిన వానలకు."

"ఎవరు?"

"నాయన పెట్టినట్టే చెప్తాడు. పెట్టింది మాయమ్మ."

వకుళ బుట్ట ఒక పక్క పట్టుకుంది. "పదండి. బస్సుందా?"

దేవకమ్మ నిజం విని వసారాలోనే కూలబడింది. "అయితే పెండ్లికి కాదా పాపా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, అంతకంటే కష్టమైనదేదో ఉంది. వకుళ ఆమె పక్కన నేల మీదే కూర్చుంది. "క్షమించండమ్మా. నేను సరిగ్గా చెప్పలేదు. చదువు కోసం అంటే మీకు అర్థమైందనుకున్నాను. తప్పు నాదే."

దేవకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఆమెను బావి దగ్గరికి తీసుకెళ్ళి తన చేతులతోనే మట్టలు లాగేసింది.

"సూడు తల్లీ. ఇదీ మా బాయి. దీంట్లో నీళ్ళున్నన్నాళ్ళు చెరుకు పచ్చగా ఉండె. రోడ్డు మీద బస్సులో పొయ్యేటోళ్ళు కూడా ఇది యెవురి ఇల్లు అని అడుగుదురు. నీళ్ళు పోయినాక ఎవురూ తిరిగి సూడలే. బాయి నింపేది నా చేత కాదు. పచ్చగా కనపడేట్టు చేసేది నా చేత అవుతాది. మామిడి అయితే రెండేండ్లు కడవతో పోస్తే ఆనక అదే బతుక్కుంటాది. నా కోడలు వచ్చేది ఆ రోడ్డు మీదనే కదా. అందుకే రోడ్డు పక్క నుంచి పెట్టుకుంటా వచ్చినా."

వకుళ బావి గట్టు దిగింది. నేరుగా తోటలోకి నడిచింది. రోడ్డు పక్క వరసలో చెట్టు మొదలును రెండు చేతుల వేళ్ళతో చుట్టి పట్టుకుంది, వేళ్ళు అందలేదు. లోపలి వరసలో చెట్టును అట్లాగే పట్టుకుంది, వేళ్ళు కలిశాయి. ఇంకా లోపలికి వెళ్ళింది, ఇంకా సన్నగా ఉన్నాయి. తోటంతా లాభం కోసం ఒక్కసారే పెట్టారని ఆ ఊళ్ళో అందరూ అన్నారు, తనూ అట్లాగే రాసుకుంది. చెట్లే దేవకమ్మకు సాక్ష్యం చెప్పాయి.

"లాభం కోసం కాదు," అంది వెనకాలే వచ్చిన రాయుడితో. "ఎరువు, ధర, కూలి, నీళ్ళు, అన్ని గడులూ ఉన్నాయి మా ఫారాల్లో. కొడుక్కి పెళ్ళి కావాలని తోట వేసిన తల్లికి గడి లేదు. ఎంత పెద్ద పని చేసింది మీ అమ్మ! నాలుగు వందల ఇళ్ళలో ఇట్లాంటి తల్లులు ఎంతమంది ఉండారో!"

పుస్తకాల తెలుగులో మాట్లాడే పిల్ల నోట ఆ 'ఉండారో' విని రాయుడికి ప్రాణం లేచి వచ్చింది.

"ఇంక వస్తారా మా ఇంటికి?"

"వస్తాను. మీరు మాత్రం నేను రాయడం అయ్యేదాకా తిరుపతి రాకండి."

"ఎందుకు?"

"నేను మీ ఇంటి గురించి రాస్తున్నాను. ఇష్టం పెరిగితే మీకు మంచిగా ఉండేవే రాస్తాను. మీ నాయన చెప్పిన గొప్పలు, మీరు ముందు తినడం, అవన్నీ వదిలేస్తాను. అప్పుడు అది స్టడీ కాదు."

"పెరిగితే అన్నారు. అంటే ఇప్పటికే కొంత ఉండాదనే కదా?"

"ఆ ప్రశ్న అడగాల్సింది నేను, మీరు కాదు," అని గబగబా ముందుకు నడిచింది. చెవి వెనక పాయ మళ్ళీ తప్పించుకుంది.

రాయుడు మాట నిలబెట్టుకున్నాడు. తిరుపతి బస్సు ఎదురుగా ఆగినా కాలు కదపలేదు. ఇంకో పని కూడా చేశాడు, తల్లి వడ్డించుకుని పక్కన కూర్చునేదాకా ముద్ద ముట్టడం మానేశాడు. దేవకమ్మ మొదట తిట్టింది, తర్వాత అలవాటు పడింది.

మామిడి పూత మీదున్నప్పుడు వకుళ టైపు కొట్టిన కాగితాలతో వచ్చింది. ఎవరి గురించి రాశామో వాళ్ళకు చదివి వినిపించాలని, తప్పుంటే వాళ్ళే చెప్పాలని ఆమె పట్టుదల. పేర్లు మార్చింది. కాగితాల్లో గురప్ప మునిరత్నమయ్యాడు.

"మీసం ఉంచినావా, అదీ తీసేసినావా?" అన్నాడు గురప్ప.

తోట వేసింది ఇంటి యజమాని కాదు, ఆయన భార్య అని చదివినప్పుడు మాత్రం గురప్ప నేల చూపులు చూశాడు. "రాసింది నిజమేనమ్మా," అన్నాడు. "కడవ ఎత్తింది ఆమె. ఊర్లో పేరు చెప్పుకున్నది నేను. దిద్దాల్సిన పని లేదు." దేవకమ్మ మొగుడి వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

తర్వాత ఆమె అంది, "ఒకటి తప్పుండాది పాపా. ఆ కోడలు ఇంకా రాలేదు అని రాసినావు. దాన్ని కొట్టెయ్."

"అది కొట్టెయ్యను. రాసిన రోజుకు అదే నిజం." వకుళ కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. "థీసిస్ వచ్చే నెల ఇచ్చేస్తాను. ఇచ్చినాక నా చేతిలో రాసేది ఏమీ ఉండదు, అత్తా."

అప్పటిదాకా అమ్మా అని పిలిచిన పిల్ల. దేవకమ్మ విన్నది నిజమేనా అని కొడుకు వైపు చూసింది. కొడుకు ఆ స్థితిలో సాక్ష్యానికి పనికొచ్చేట్టు లేడు.

పూత పిందె అయ్యాక జయరావు మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట వకుళ తల్లీ తండ్రీ. తండ్రి తిరుపతిలో రైల్వే గుమాస్తా, పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆచారం తెలిసినవాడు. కాళ్ళు కడుక్కుని, చుట్టూ చూశాడు. గురప్ప చెయ్యి అలవాటుగా మీసం మీదికి పోయింది. దేవకమ్మ మొగుణ్ణి దాటుకుని ముందుకు వచ్చింది.

"అన్నా, ముందే చెప్తాండా. మా బాయిలో సుక్క నీళ్ళు లేవు. ఎండిపోయి ఏండ్లయింది. సూస్తానంటే సూపిస్తా. సూసినాక వద్దనుకుంటే కాఫీ తాగి పోండి, మాకేం కోపం లేదు."

రాయుడు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వకుళ తండ్రి కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"బావి సంగతి మా పాప రాసింది, చదివినానమ్మా. దానికోసం రాలేదు," అన్నాడు. "నువ్వు మా పిల్ల కోసం పెట్టిన చెట్లు యాడుండాయో, అవి చూపించు తల్లీ."